చూసే చోటును బట్టి స్లైడు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు మీద శిరివెళ్ల ఉంది. అలాంటి ఒక మండలంలో పదిమందిని కూర్చోబెట్టి తెర మీద ఏదైనా చూపించగల చోట్లు ఎన్ని ఉంటాయో ఒకసారి తలుచుకోండి. హైస్కూల్లో గోడకు బిగించిన పెద్ద ప్యానెల్, చిన్న బడిలో స్మార్ట్ టీవీ, రైతు సేవా కేంద్రంలో మరో టీవీ, మండల పరిషత్ మీటింగ్ హాల్లో ప్రొజెక్టరు, దాని పక్కన ఎప్పుడో కొన్న డెస్క్‌టాప్, సచివాలయంలో ఇంకో కంపెనీ కంప్యూటరు, డిగ్రీ చదివే పిల్లల దగ్గర ల్యాప్‌టాప్‌లు. ఒకే పెన్‌డ్రైవు వీటన్నిటి చుట్టూ తిరుగుతుంది. అందులో ఇరవై స్లైడ్లు, మధ్యలో ఒక మూడు నిమిషాల వీడియో. ఆ మండలంలో గోవిందపల్లె అనే ఊళ్లో హాయిగా ఆడిన ఆ ఫైలు యర్రగుంట్లకు వచ్చేసరికి మొరాయించవచ్చు. వీడియో ఉండాల్సిన జాగాలో నల్లటి డబ్బా కనపడుతుంది. ఇంకో చోట బొమ్మ కదులుతుంది గానీ గొంతు రాదు. మరో చోట వీడియో సంగతి దేవుడెరుగు, తెలుగు అక్షరాలే గళ్లు గళ్లుగా కనపడతాయి. అప్పుడు హాల్లో వినపడే మాట ఒకటే, సిస్టమ్ బాగాలేదు అని. ఈ మాట చాలా సందర్భాల్లో అన్యాయమని నా వాదన. ఆ స్లైడ్లు ఆడతాయా ఆడవా అన్నది హాల్లో తేలేది కాదు. వాటిని తయారు చేసిన బల్ల దగ్గరే అది తేలిపోయి ఉంటుంది. కాబట్టి దిద్దుకోవాల్సింది కూడా అక్కడే.

అసలు వీడియో ఎందుకు, ఫొటోలు చాలవా అని అడగొచ్చు. చాలా విషయాలకు చాలు. వర్షపాతం పట్టిక వెనకాల మేఘాలు కదలక్కర్లేదు. స్వాగతం అని రాసిన స్లైడు మీద పూలు రాలక్కర్లేదు. కానీ చెప్పదలచిందే కదలికలో ఉన్నప్పుడు వీడియోను మించింది లేదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ 47 అనే శనగ రకాన్ని చూడండి. మామూలు శనగ గుబురుగా, నేలకు దగ్గరగా పెరుగుతుంది కాబట్టి మిషనుతో కోస్తే కింది కాయలు చేలోనే పోతాయి. ఈ రకం నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది, అందుకని కంబైన్ హార్వెస్టరుతో కోయడానికి అనువు. ఈ మాటలు స్లైడు మీద రాయడానికి రెండు లైన్లు చాలు. కానీ మిషను బ్లేడు నేలకు ఎంత ఎత్తులో పోతోంది, మిషను దాటిపోయాక సాలులో ఎన్ని కాయలు మిగిలాయి, ట్యాంకులో పడ్డ గింజ పగిలిందా లేదా అన్నవి అర నిమిషం వీడియో చూసిన రైతుకు ఇంకెవరూ విప్పి చెప్పక్కర్లేదు. పత్తి చేలో గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్ట ఎలా కట్టాలో, అందులో ఎర ఎలా మార్చాలో చెప్పడం కూడా అలాంటిదే. అలాంటి వీడియో హాల్లో ఆడకపోతే ఆ రోజు మీటింగులో అసలు పాఠమే జరగనట్టు లెక్క.

తెర మీద చూపించి పల్లెకు చెప్పడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా సరిగ్గా ఏడాది పాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మన దేశంలో జరిగింది. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఇక్కడ కార్యక్రమాలు తెలుగులో వచ్చాయి. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు, 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో డిజిటల్ గ్రీన్ అనే పని మొదలై, తర్వాత విడి సంస్థ అయింది. రైతుల చేతనే చిన్న చిన్న వీడియోలు చేయించి, బ్యాటరీ మీద నడిచే అరచేతి ప్రొజెక్టరుతో మహిళా సంఘాల మీటింగుల్లో చూపించడం వాళ్ల పద్ధతి. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం ప్రచారంలోనూ ఆ పద్ధతి వాడారు. ఈ రెంటికీ మధ్య ముప్పై ఏళ్ల తేడా ఉన్నా ఒక పోలిక ఉంది. వీడియో తీసేవాళ్లకు అది ఏ పరికరం మీద ఆడబోతోందో ముందే తెలుసు. సైట్‌లో పల్లెకు పంపిన టీవీ సెట్టు ఆ ప్రయోగం కోసమే చేయించింది. డిజిటల్ గ్రీన్ మీటింగుకు ప్రొజెక్టరు కూడా వీడియోతో పాటే వచ్చేది. తీసేవాళ్ల అదుపులో తెర ఉంది కాబట్టి ఆడుతుందా అన్న ప్రశ్నే వాళ్లకు పెద్దగా ఎదురు కాలేదు. ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలైన చోట్ల టీవీలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. 2023 నుంచి సర్కారు హైస్కూళ్లలో ప్యానెళ్లు బిగించారు. తెరలకు కరువు తీరింది, సంతోషమే. కానీ ఇవన్నీ వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు టెండర్లలో, వేర్వేరు కంపెనీల నుంచి వచ్చినవి. ఒకటి విండోస్, ఒకటి ఆండ్రాయిడ్, ఒకటి లైనక్స్. స్లైడ్లు చేసేవాళ్లకు మాత్రం తమ ముందున్న ఒక్క కంప్యూటరే కనపడుతుంది.

ఇక ఆడకపోవడానికి కారణాల దగ్గరకు వద్దాం. స్లైడ్లకు మనం వాడుకలో పెట్టుకున్న పేరు పీపీటీ. ఆ పవర్‌పాయింట్ 1987లో ఫోర్‌థాట్ అనే చిన్న కాలిఫోర్నియా కంపెనీలో, అదీ ఆపిల్ వారి మాకింటోష్ మీద పుట్టింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కోటీ నలభై లక్షల డాలర్లకు కొనేసింది. అప్పట్లో దాని పని ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద పెట్టే పారదర్శక షీట్లు అచ్చు వేయడం. అంటే అది కాగితం కోసం పుట్టిన సరుకు, వీడియో దానికి తర్వాత అతికించిన అంగం. ఆ అతుకు చాలాకాలం పైపైనే ఉండేది. పవర్‌పాయింట్ 2007 దాకా స్లైడులో వీడియో పెట్టామనుకుంటే నిజానికి వీడియో అందులోకి వచ్చేది కాదు, అది ఎక్కడుందో చెప్పే దారి మాత్రం నమోదయ్యేది. సి డ్రైవులో, యూజర్స్ అనే ఫోల్డరులో, ఫలానా పేరు కింద, డెస్క్‌టాప్ మీద, శనగకోత అనే ఫైలు అని ఒక లైను. ఆ లైను పెన్‌డ్రైవులో ఇంకో ఊరికి వెళ్తే, అక్కడి కంప్యూటరు తన సి డ్రైవులో ఆ ఫలానా పేరు కోసం వెతికి, దొరక్క, నల్ల డబ్బా చూపించి ఊరుకుంటుంది. దాని తప్పేముంది? 2010 నుంచి వీడియోను ఫైలులోనే కలిపేయడం మామూలు పద్ధతి అయింది. అయినా ఇన్‌సర్ట్ బటన్ పక్కన బాణం గుర్తు కింద లింక్ టు ఫైల్ అనే ఆ పాత దారి ఇంకా ఉంది. ఫైలు బరువు పెరగకూడదని దాన్ని ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. కంప్యూటరు కాస్త తెలిసినవాళ్లకు దీన్ని తేల్చుకునే ఉపాయం ఒకటుంది. పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దానికి ఒక కాపీ తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల పీపీటీ అనే ఫోల్డరు, అందులో మీడియా అనే ఫోల్డరు ఉంటాయి. మీ వీడియో ఆ మీడియా ఫోల్డరులో కనపడితే అది మీతో వస్తోంది. కనపడలేదంటే ఇంటి దగ్గరే ఉండిపోయింది.

వీడియో లోపలే ఉన్నా ఆడని సందర్భాలు ఉన్నాయి. మన దగ్గర ఎక్కువ గందరగోళం ఇక్కడే. పేరు చివర ఎంపీ4 అని ఉంది కదా, నిన్న ఇంకో ఎంపీ4 ఆడింది కదా, ఇదెందుకు ఆడదు అంటారు. ఎంపీ4, ఏవీఐ, ఎంఓవీ అనేవి బస్తాల పేర్లు. బస్తా మీద కర్నూలు సోనా అని అచ్చు వేసినంత మాత్రాన లోపలి బియ్యం అదే కావాలని లేదు, విప్పి చూస్తేనే తెలిసేది. వీడియోను కుదించి ఏ పద్ధతిలో నింపారన్నది అసలు సంగతి, ఆ పద్ధతిని కోడెక్ అంటారు. 2003లో ఖరారైన హెచ్.264 ఒక కోడెక్, 2013లో వచ్చిన హెచ్.265 మరొకటి. రెండోదానికే హెచ్ఈవీసీ అని ఇంకో పేరు. కొత్తది మేలైనదే, అదే నాణ్యతకు దాదాపు సగం జాగాతో సరిపెడుతుంది. అందుకనే 2017 తర్వాత ఐఫోన్లు మనం అడగకుండానే అందులో వీడియో తీస్తున్నాయి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆ ఏర్పాటు ఉంది. చిక్కేమిటంటే హెచ్.265 మీద పేటెంట్ల ముడి గట్టిగా ఉంది, దాన్ని విప్పే సరంజామాను విండోస్ అన్ని కంప్యూటర్లలో వేసి ఇవ్వదు, మైక్రోసాఫ్ట్ స్టోరులో విడిగా కొనుక్కోమంటుంది. పవర్‌పాయింట్ గానీ, దానికి ప్రత్యామ్నాయమైన లిబ్రేఆఫీస్ గానీ వీడియో విప్పే విద్యను చాలావరకు తాము ఎక్కే కంప్యూటరు నుంచే అరువు తెచ్చుకుంటాయి. ఆ కంప్యూటరుకు రాకపోతే వాటికీ రాదు. అందుకే కొత్త ఫోనుతో తీసిన అందమైన వీడియో, తీసినవాళ్ల కొత్త ల్యాప్‌టాప్‌లో కళకళలాడి, హాల్లోని డెస్క్‌టాప్ ముందు మూగబోతుంది. కొన్నిసార్లు బొమ్మ వచ్చి శబ్దం రాకపోవడానికీ కారణం ఇదే, శబ్దానికి వేరే కోడెక్ ఉంటుంది మరి. కొన్నిసార్లేమో కారణం ఇంతకంటే చిన్నది. ప్రొజెక్టరుకు వేసింది పాత వీజీఏ వైరైతే, అది బొమ్మను తప్ప శబ్దాన్ని మోయదు. స్పీకరు వైరు విడిగా పెట్టుకోవాల్సిందే.

కాబట్టి ఎక్కడైనా ఆడాలంటే ఏం వాడాలన్న ప్రశ్నకు సమాధానం చప్పగానే ఉంటుంది. ఎంపీ4 ఫైలు, లోపల హెచ్.264 వీడియో, ఏఏసీ శబ్దం. మైక్రోసాఫ్ట్ తన పవర్‌పాయింట్‌కు సిఫారసు చేసేదీ ఈ కూర్పునే. ఇరవై ఏళ్లు దాటిన పద్ధతి కాబట్టే దీని మీద నమ్మకం. ఈ ఇరవై ఏళ్లలో తయారైన ఫోను చిప్పులు, టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ల్యాప్‌టాప్‌లు చాలావరకు దీన్ని విప్పే పనిని సాఫ్ట్‌వేరుకు వదలకుండా చిప్పులోనే పెట్టుకున్నాయి. పాత మిషనైనా ఆయాసపడకుండా ఆడిస్తుంది. దీన్ని సాధించడానికి డబ్బు ఖర్చు లేదు. ఐఫోనులో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్ అనే వరసలో వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ అన్నదాన్ని ఎంచుకుంటే అప్పటినుంచి మామూలు వీడియో హెచ్.264లోనే వస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా సెట్టింగుల్లో హై ఎఫిషియెన్సీ అని ఉంటుంది, దాన్ని ఆపేయాలి. ఇదివరకే తీసేసిన వీడియోకు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. అందులో ఫైలు వేసి, హెచ్.264 ఎంచుకుని, 720 లైన్ల కొలత పెట్టి ఒక బటన్ నొక్కితే మూడు నిమిషాల వీడియో మారడానికి పెద్ద టైమేమీ పట్టదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. అంత ఖరీదైన ఫోనుతో 4కే నాణ్యతలో తీసి, దాన్ని 720కి దించడమేమిటి, బొమ్మ చెడిపోదా అని. లెక్క వేసి చూద్దాం. 4కే అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు, మొత్తం సుమారు 83 లక్షలు. మన హాళ్లలో ఇంకా నడుస్తున్న పాతరకం ప్రొజెక్టర్లలో చాలావాటి సత్తా 1024కు 768. వెడల్పాటి వీడియో వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు పోగా 1024కు 576 మాత్రమే మిగులుతుంది, అంటే 6 లక్షల చుక్కల లోపు. 720 కొలతలో వీడియోకు 9 లక్షల పైచిలుకు చుక్కలున్నాయి, ఆ ప్రొజెక్టరు చూపగలిగిన దానికంటే అదే ఎక్కువ. మిగతా డెబ్బై లక్షల పైచిలుకు చుక్కలు తెర మీదికి రానే రావు. కంప్యూటరు మీద బరువు మోపడానికి, వీడియో ఆగి ఆగి ఆడడానికి మాత్రం అవి చాలు. ఫైలు సైజు చూసినా అంతే. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున తీసిన 4కే వీడియో మూడు నిమిషాలకు 1,100 ఎంబీ దాటుతుంది. అదే వీడియో 720లో సెకనుకు 2 మెగాబిట్లతో 45 ఎంబీ. ఇలాంటి పెద్ద వీడియోలు ఓ నాలుగు పెట్టి స్లైడ్ల ఫైలు 4 జీబీ దాటిందనుకోండి, మామూలు ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు దాన్ని అసలు తీసుకోదు. చక్కని గోడ టీవీ ఉన్న చోట 1080 పెడతానంటే కాదనను, అంతకు మించి పోవడం దండగ. నాణ్యత ముఖ్యమనేవాళ్లు చుక్కల మీద పెట్టే శ్రద్ధలో కొంత శబ్దం మీద పెడితే బాగుంటుంది. గాలి హోరులో మాట వినపడని 4కే వీడియో రైతుకు ఎందుకూ కొరగాదు.

అక్షరాల సంగతి వీడియోకు సంబంధం లేనిదిలా కనపడుతుంది గానీ రోగం ఒకటే, చేసిన చోట ఉన్నది చూసే చోట లేకపోవడం. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థం లేని ఇంగ్లీషు గుర్తులుగా మారిపోతుంది. యూనికోడ్‌లో టైపు చేస్తే కనీసం అక్షరం అక్షరంగానే ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీ నాటి గౌతమి, తర్వాత వచ్చిన వాణి, ఇప్పటి నిర్మల వంటివి ఆయా కాలాల విండోస్‌తో పాటే వచ్చాయి. ఆండ్రాయిడ్‌లో నోటో ఉంటుంది. మండలి, రామభద్ర లాంటి అందమైన ఫాంట్లు వాడితే వాటిని పవర్‌పాయింట్ సేవ్ ఆప్షన్లలో ఫైలుతో కలిపేసే వీలుంది. అయినా ఆండ్రాయిడ్ ప్యానెల్ వాటిని ఖాతరు చేస్తుందన్న భరోసా లేదు. ఫాంటు మారితే అక్షరాల వెడల్పు మారుతుంది, లైను విరిగే చోటు మారుతుంది, డబ్బాలో పట్టిన వాక్యం బయటికి జారి వీడియో మీద పడుతుంది. కాబట్టి స్లైడు అంచుల దాకా అక్షరాలు కుక్కకుండా కాస్త ఖాళీ వదలడం అలంకారం కాదు, జాగ్రత్త. ఒకే తెలుగు అక్షరం ఒక్కో యంత్రంలో ఒక్కోలా ప్రవర్తిస్తుందనడానికి ప్రపంచమంతా చూసిన సాక్ష్యమూ ఉంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజీగా వస్తే ఐఫోన్లలో ఆ మెసేజీ చూపే యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆపిల్ హడావుడిగా 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సర్దుకుంది. ఇంత పెద్ద కంపెనీకే తెలుగు ఒత్తు ఒకటి అంత పని చేసినప్పుడు, మన స్లైడ్లు అన్నిచోట్లా ఒకేలా కనపడతాయని ముందే నమ్మేయడం అమాయకత్వం.

ఇదంతా ఎందుకు, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తీసుకెళ్తే పోలేదా అంటారు. ఒక్క మీటింగుకు అయితే నిజమే, అంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ ఇది తాను స్వయంగా వెళ్లి మాట్లాడే మనిషికి పనికొచ్చే సమాధానం. మన దగ్గర స్లైడ్లు ఎక్కువగా చేతులు మారతాయి. జిల్లాలో ఒకరు చేసింది మండలాల్లో పదిమంది చూపిస్తారు. ఒక బడి సైన్సు టీచరు చేసిన పాఠం వాట్సాప్ గ్రూపులో పడి ఇరవై బళ్లకు చేరుతుంది. చేసినవారి ల్యాప్‌టాప్ ఆ ఇరవై బళ్లకూ వెళ్లదు కదా. ఇంకో మాట, యూట్యూబ్‌లో పెట్టి లింకు ఇస్తే కోడెక్కుల గొడవే ఉండదు, వాళ్లే అన్ని పరికరాలకూ సరిపడేట్టు మార్చుకుంటారు అని. ఇందులోనూ నిజముంది, పంపిణీకి యూట్యూబ్‌ను మించింది లేదు. కాకపోతే హాల్లో నలభైమంది కూర్చున్నాక, నల్లమల అంచు పల్లెలో సిగ్నలు ఒక గీత చూపిస్తున్నప్పుడు, వీడియో మధ్యలో సున్నా తిరుగుతూ కూర్చుంటే ఆ నిజం పనికిరాదు. నెట్ ఉన్నా మొదట వచ్చేది ఏదో ప్రకటన. ఇంటికెళ్లి చూసుకోమని ఇవ్వడానికి యూట్యూబ్ లింకు, హాల్లో ఆడించడానికి చేతిలో ఫైలు, ఇలా రెండూ ఉండాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా ఒక తేడా గమనించాలి. వీడియోగా పంపితే అది కుదించి నాణ్యత తగ్గించేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

తర్వాతి అభ్యంతరం కాస్త బలమైంది. ప్రెజెంటేషన్ మొత్తాన్నే ఒక వీడియోగా మార్చేస్తే ఫాంట్లు, లింకులు, యానిమేషన్లు అన్నిటి పీడా వదులుతుంది కదా అని. పవర్‌పాయింట్ 2010 నుంచి ఆ ఏర్పాటు ఉంది. రైతు సేవా కేంద్రంలో టీవీకి, అందులోనూ పెన్‌డ్రైవు పెడితే ఎంపీ4 తప్ప పీపీటీ తెరవని టీవీకి, ఇదే దారి. మనిషి లేకుండా తనంతట తాను ఆడాల్సిన చోటా ఇదే దారి. కానీ తరగతి గదిలో, రైతుల మీటింగులో దీనికి నేను ఒప్పుకోను. స్లైడుకున్న గొప్ప గుణం అది ఆగడం. ఒక రైతు లేచి, విత్తనం దూరం ఎంత పెట్టాలన్నావు అని అడిగితే రెండు స్లైడ్లు వెనక్కి పోయి చూపించవచ్చు. పిల్లలకు అర్థం కాలేదనిపిస్తే పది నిమిషాలు అక్కడే నిలబడొచ్చు. ఒకే వీడియో అయితే మాట్లాడే మనిషి దాని వేగానికి పరుగెత్తాలి, లేదా మాటిమాటికీ పాజ్ నొక్కుతూ నిలబడాలి. యంత్రం సుఖం కోసం మనిషిని నోరు మూసుకోమనడం సరైన బేరం కాదు. స్లైడ్లు స్లైడ్లుగానే ఉండాలి, వీడియో మాత్రం అందులో కలిసి ఒకటి, పక్కన విడిగా ఇంకొకటి ఉండాలి. లోపలిది మొరాయిస్తే స్లైడు షో ఆపి, విడి ఫైలును వీఎల్‌సీ అనే ప్లేయరులో ఆడించి మళ్లీ వెనక్కి రావచ్చు. పారిస్ విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టి 2001లో ఉచిత లైసెన్సు కిందకు వచ్చిన ఆ వీఎల్‌సీ తన కోడెక్కులు తానే మోసుకొస్తుంది. కంప్యూటరును ఏమీ అడగదు.

ఇక ఇదంతా నాలుగేళ్ల ముచ్చట, అందరికీ ఒకే రకం కొత్త మిషన్లు వచ్చేస్తే సమస్యే ఉండదనేవాళ్లున్నారు. ఒకే రకం ఉంటే మేలన్నమాట నిజమే. కేరళ సర్కారు బళ్లకు అక్కడి కైట్ సంస్థ ఉచిత సాఫ్ట్‌వేరుతో తయారు చేసిన ఒకే లైనక్స్ వ్యవస్థను ఇస్తోంది. ఒక బడిలో చేసింది ఇంకో బడిలో ఆడడానికి అది పెద్ద అండ. అయినా బడి గేటు దాటితే ఆ ఏకత్వం ఉండదు. పంచాయతీ, బ్యాంకు, ప్రైవేటు కాలేజీ ఎవరి మిషను వారిదే. కొత్తదనం సంగతి చూస్తే చరిత్ర వేరే చెబుతోంది. ఒకప్పుడు కదిలే బొమ్మలంటే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేరే, బళ్ల కోసం చేసిన సీడీలు ఎన్నో దాని మీదే నడిచాయి. 2020 డిసెంబరు 31తో దాని ఆయువు తీరింది, ఆ పాఠాల్లో చాలావాటిని ఇప్పుడు తెరవడమే గగనం. విండోస్‌లో ఎంఓవీ ఫైళ్లు ఆడించిన క్విక్‌టైమ్‌ను 2016లో ఆపిల్ వదిలేసింది. అంటే యంత్రాలు మారిన ప్రతిసారీ ఈ సమస్య వేషం మార్చుకుని వస్తోంది. ఆ మార్పుల్లో మిగిలినవి చూస్తే, ఎక్కువమంది వాడినవి, ఒక్క కంపెనీ గుప్పిట్లో లేనివి. ఎంపీ4, హెచ్.264, పీడీఎఫ్, యూనికోడ్ అంతర్జాతీయంగా ఖరారైన ప్రమాణాలు. వాటిని నమ్ముకోమనడానికి కారణం పాతదనం మీద ప్రేమ కాదు, వాటికున్న ఈ ట్రాక్ రికార్డు.

చేయాల్సిన పని ఇంతకు ముందే సగం చెప్పుకున్నాం. మిగతాది ఓపికకు సంబంధించింది. పెన్‌డ్రైవులో ఒక్కో ప్రసంగానికి ఒక్కో ఫోల్డరు పెట్టి, అందులో వీడియో కలిపిన పీపీటీఎక్స్, అదే స్లైడ్లకు పీడీఎఫ్ కాపీ, వీడియో విడిగా స్లైడు నంబరు పేరుతో, ఈ మూడూ ఉంచాలి. వీడియో ఉన్న స్లైడు మీద వీడియో సారం చెప్పే ఒక స్థిరచిత్రం, రెండు వాక్యాలు పెట్టాలి. కరెంటు హెచ్చుతగ్గుల్లో స్పీకరు పోయినా, వీడియో ఆడకపోయినా మాట్లాడే మనిషి ఆ బొమ్మ చూపించి పని నడిపించగలగాలి. వీడియో లేకపోతే ఒక్క ముక్కా అర్థం కాని స్లైడు నా లెక్కలో సగం చేసిన స్లైడే. ఇక పరీక్ష. ఇది చేసిన కంప్యూటరులో జరగకూడదు, అక్కడ ఎలాగూ ఆడుతుంది. పెన్‌డ్రైవు తీసుకెళ్లి వేరే కంప్యూటరులో, వీలైతే మన దానికంటే పాతదాంట్లో, నెట్ ఆపేసి మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడిపి చూడాలి. శబ్దం కూడా వినాలి. పది నిమిషాల పని ఇది. ఈ పది నిమిషాలు మనం మిగుల్చుకోబోతే హాల్లో ఇబ్బంది పడేది నలభైమంది.

ఈ భారం ఎవరిది అన్నది చివరి ప్రశ్న. పల్లెలో టీవీ ముందు నిలబడ్డ గ్రామ వ్యవసాయ సహాయకుడిదా, ప్యానెల్ ముందు ఆరో పీరియడ్ గడుపుతున్న టీచరుదా? వాళ్లు కోడెక్కుల గురించి తెలుసుకుంటే మంచిదే. కానీ ఒకరు సరిగా చేస్తే వందమందికి తప్పే కష్టాన్ని ఆ వందమంది నెత్తిన పెట్టడం న్యాయం కాదు. స్లైడ్లు చేసి పంచే ఏ కార్యాలయమైనా, ఏ శిక్షణ కేంద్రమైనా ఫైలుతో పాటు ఒక లైను రాయాలి. ఈ వీడియో ఫలానా కోడెక్కులో ఉంది, ఫలానా ఫాంటు వాడాం, వేరే యంత్రంలో నడిపి చూశాం అని. మందు సీసా మీద లోపలేముందో రాయమని చట్టం ఉన్నప్పుడు ఈ లైను రాయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అలా రాయని ఫైలును వెనక్కి పంపే హక్కు కింది సిబ్బందికి ఉండాలి.

శ్రోతల్లో స్లైడ్లు చేసేవారు ఉంటే ఒక మనవి. ఈ వారంలో మీ పాత ప్రెజెంటేషన్ ఒకటి తీసి, తెరవకుండానే దాని సైజు చూడండి. మూడు నిమిషాల వీడియో ఉందనుకుంటున్న ఫైలు రెండు మూడు ఎంబీలే ఉంటే చాలావరకు వీడియో అందులో లేనట్టే. దాన్ని వెంటనే వెతికి కలపండి, మీ పాత కంప్యూటరు పాడయ్యేలోపు.